కారెంపూడి దారిలో తాతను టాక్సీలో మరచిపోయిన సంగతి

కారెంపూడి వీరుల తిరునాళ్ళకు వెళ్ళదలచినవారు నరసరావుపేటలో తెల్లవారకముందే బస్సు దగ్గరకు చేరాలి. బస్సు అప్పుడు బయలుదేరుతుందని కాదు. అప్పుడు వెళ్ళి కూర్చుంటేగాని ఎనిమిదింటికి సీటు దక్కదు. ఈ యుద్ధం వచ్చిన దగ్గరనుంచి పెట్రోలు దొరలకు, బొగ్గు మనకు అయింది. బస్సు వెనకాల ఒక పెద్ద ఇనప పీపా తగిలించి, అందులో బొగ్గు రాజేసి, ఆ పొగతో నడుపుతున్నారు. ఎక్కేటప్పుడు ఎవరి రంగు వారిదే, దిగేటప్పటికి అందరిదీ ఒకటే రంగు. కులభేదాలు పోవాలని ఉపన్యాసాలిచ్చే పెద్దలు ఒక్కసారి ఈ బస్సు ఎక్కి చూడాలి.

మేము వెళ్ళింది ముగ్గురం. నేను, మా వీరయ్య బాబాయి, మా తాత. తాత అంటే మనిషి కాదు. మా ఇంట్లో తరతరాలుగా ఉన్న కొణతం, అంటే ఒక రకం ఈటె. మా వంశంలో ఎవరో వీరుల పక్షాన పోరాడి పడిపోతే, ఆయన చేతిలో మిగిలింది ఇదేనట. ఏడాదంతా దూలానికి కట్టి ఉంటుంది. కార్తీకం చివర అమావాస్యకు, ఎవరింటి ఆయుధాన్ని వాళ్ళు కారెంపూడి తీసుకుపోయి, నాగులేట్లో స్నానం చేయించి, వీరుల గుడిలో వరుసగా నిలబెడతారు. గడప దాటిన తరువాత దాన్ని ఇనుమనీ, ఈటె అనీ, ఆయుధమనీ అనకూడదు. తాత అనాలి. "తాత లేచాడా? తాతకు గుడ్డ కట్టారా?" అనాలి. ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు గనుక మాకిందులో వింత తోచదు.

ఈసారి ప్రయాణానికి ఒక మొక్కు కూడా తోడైంది. బాబాయి కొడుకు సాంబడు పట్టాళంలో చేరాడు. మొదట్లో నెలకొక కార్డు వచ్చేది. తూర్పుకు ఎక్కడికో పంపుతున్నారని ఒక కార్డులో రాశాడు. ఆ తరువాత వానాకాలమంతా గడిచినా మరొకటి రాలేదు. తాతను గడప దాటించిన దగ్గరనుంచి నాగులేట్లో స్నానం చేయించేదాకా నోరు విప్పనని, సాంబణ్ణి ఇంటికి చేర్చమని బాబాయి మొక్కుకున్నాడు.

"నోరు విప్పకుండా ఉండటం నీకేం కష్టం బాబాయ్? పిన్ని ఇన్నేళ్ళనుంచీ విప్పనిచ్చిందా?" అన్నాను నేను.

బాబాయి అప్పటికే తాతను భుజానికెత్తుకుని గడప దాటాడు. మీసంలో నవ్వాడు గాని బదులు చెప్పలేదు.

బస్సు ఎనిమిదిన్నరకు కదిలింది. తాతను నిలువుగా పట్టుకోవడానికి పైకప్పు అడ్డం, అడ్డంగా పెట్టుకోవడానికి జనం అడ్డం. చివరికి కండక్టరు కిటికీ వెలుపల చువ్వలకు కట్టనిచ్చాడు. మాకు రెండు టిక్కెట్లు కొట్టాడు. మా ఎదురుగా మిరపకాయల బుట్ట ఒళ్ళో పెట్టుకుని ఒక ముసలామె కూర్చుంది. బాబాయిని ఏవో మూడు ప్రశ్నలడిగి, బదులు రాకపోయేసరికి నా వైపు తిరిగింది.

"ఈయనకు మాట రాదా అబ్బాయ్?"

"వచ్చేది అవ్వా. మా పిన్ని పుట్టింటికి పోయినప్పుడల్లా వచ్చేది" అన్నాను.

బస్సంతా నవ్వింది. నాకు ఊపు వచ్చింది. బాబాయి చెయ్యి కదిపినప్పుడల్లా దానికి నేను అర్థం చెప్పడం మొదలుపెట్టాను. ఆయన కిటికీ వైపు చూపిస్తే "బొగ్గు తక్కువైంది, నా బీడీ కూడా వేసుకోమంటున్నాడు" అన్నాను. ఆయన గొంతు తడుముకుంటే "పాట పాడమంటే పాడతాడట" అన్నాను. బాబాయి నవ్వుతూనే ఉన్నాడు. నాలుగో తరగతిలో బడి ఎగ్గొట్టినవాడికి, మాట ఒక్కటే ఆస్తి. అది దొరికినచోటల్లా ఖర్చు పెడతాను.

నకరికల్లు దాటిన తరువాత చిన్న మెరక ఎక్కలేక బస్సు ఆగిపోయింది. అందరం దిగి తోశాము. పీపాలో నిప్పు చల్లారిందని, మళ్ళీ రాజేయాలంటే మధ్యాహ్నమవుతుందని డ్రైవరు చెప్పాడు. ఆ దారిన వెళ్ళేవారు తిండి వెంట కట్టుకోవడం మంచిది, అక్కడ తాగడానికి నీళ్ళు కూడా లేవు. మేము పిన్ని కట్టిన జొన్నరొట్టె, గోంగూరపచ్చడి విప్పాము. తింటూ ఉండగా పదిన్నర ప్రాంతంలో నరసరావుపేట వైపునుంచి ఒక టాక్సీ వచ్చింది. గురజాల టాక్సీ. ఎవరో ప్లీడరుగారిని పేట కోర్టులో దింపి ఖాళీగా తిరిగి పోతున్నది. డ్రైవరు పేరు మస్తాను. మనిషికి అర్ధరూపాయి చొప్పున కారెంపూడిలో దింపుతానన్నాడు. నలుగురు కూర్చోవలసిన బండిలో ఏడుగురం ఎక్కాము.

తాతకు మళ్ళీ చోటు లేదు. లోపల పెడితే కాళ్ళు తగులుతాయి. మస్తానే ఉపాయం చెప్పాడు. బండి ఎడమ పక్కన, తలుపుల కింద కాలు పెట్టి ఎక్కే బల్లకు పైగా, తాతను పొడుగునా ఆనించి మూడు చోట్ల తాడుతో కట్టాడు. కట్టేముందు చెప్పులు విడిచాడు. అది చూసి బాబాయికి ధైర్యం వచ్చింది.

పన్నెండు దాటకముందే నాగులేరు దగ్గర దిగాము. స్నానం కాకుండా తాతను ఊళ్ళోకి తీసుకుపోకూడదు. నేల మీద కూడా పెట్టకూడదు. అందుకని బాబాయి ముందు గట్టు మీదికి పోయి, కండువా విప్పి పరుస్తున్నాడు. నేను డబ్బులిచ్చాను. తాడు విప్పింది బాబాయే అనుకున్నాను నేను. దిగినవాళ్ళు విప్పుకున్నారనుకున్నాడు మస్తాను. బండి కదిలింది.

బాబాయి తలెత్తి చూశాడు. రెండు చేతులూ పైకెత్తి ఊపుతూ రోడ్డు మీదికి వచ్చాడు. నాకు నవ్వు ఆగలేదు.

"చాల్లే బాబాయ్! నీ పెళ్ళికొచ్చినోళ్ళనైనా ఇట్టా సాగనంపావా?" అని, నేను కూడా ఆ బండికి చెయ్యి ఊపాను.

బండి మలుపు తిరిగింది. బాబాయి రోడ్డు మధ్యలో నిలబడి నా వైపు తిరిగాడు. నోరు తెరిచాడు, మూశాడు. తరువాత రెండు చేతులూ చాచి, తాత ఎంత పొడుగో అంత కొలత గాలిలో చూపించాడు. అప్పుడు ఆగింది నా నవ్వు.

ఏటి గట్టున రంగమ్మత్త అని ఒకామె, తిరునాళ్ళ రోజుల్లో పాక వేసి కాఫీ, ఇడ్లీ అమ్ముతుంది. ప్రతి ఏడూ వెళ్ళే మాకు తెలిసిన మనిషి. సంగతి విని నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"రేపు పొద్దున్నే గదరా స్నానాలు! ఇయ్యాల ఇంక గురజాలకి బస్సు గూడా లేదే. మన సోడాల పుల్లయ్య సైకిలు మీద పోతన్నాడు, కాయితం రాసియ్యి. గట్టిగా రాయి. ఆ ఓనరు షావుకారు, ఊరికే అడిగితే పలకడు."

పుల్లయ్య సోడాల వ్యాపారి. ఖాళీ సీసాలు వేసుకుని గురజాల వెళ్తున్నాడు. కాగితం, పెన్సిలు రంగమ్మత్తే ఇచ్చింది. నేను కూర్చున్నాను. ఆమె కాఫీ పొయ్యి చుట్టూ చేరినవారంతా సలహాదారులయ్యారు.

"ఆయుధం పోయిందని రాయి" అన్నాడు ఒకడు.

"ఒరేయ్, యుద్ధం రోజుల్లో ఆయుధమని కాయితం మీద రాత్తావా? పోలీసోళ్ళు మనల్నందర్నీ లోపలేత్తారు" అన్నాడు ఇంకొకడు.

బాబాయి అయితే రెండు చేతులూ అడ్డంగా ఊపేశాడు. ఆయన బాధ పోలీసులు కాదు. గడప దాటిన తరువాత ఆ మాట నోటితోనే కాదు, రాతలో కూడా పనికిరాదని. సరే, ఉన్న పేరే రాశాను. బడిలో నేర్చినంతవరకు మర్యాదలన్నీ వాడాను. ఆ ఉత్తరం నాకు అక్షరం అక్షరం జ్ఞాపకముంది, మరచిపోదామన్నా పోవడం లేదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

"మహారాజరాజశ్రీ గురజాల టాక్సీ ఓనరు షావుకారుగారి దివ్య సముఖమునకు నరసరావుపేట వాస్తవ్యులు అనేక నమస్కారములు చేసి వ్రాసుకొన్న అర్జీ. ఉభయకుశలోపరి. మా తాతగారు నేడు తమ టాక్సీ ఎడమ ప్రక్కన ఉండిపోయినారు. ఎర్ర గుడ్డ చుట్టి మూడుచోట్ల తాడుతో కట్టియున్నాము. నిలువు నాలుగు మూరలు. పలుకరు. భోజనము అక్కరలేదు. కావున తాము దయయుంచి, నేల తగలనీయక, ఎవరును దాటనీయక, తూర్పు తలగా పరుండబెట్టి, తక్షణము మస్తానుగారి వెంట పంపవలెను. రేపు సూర్యోదయమునకు స్నానము చేయించనియెడల మా కుటుంబమునకు తీరని నష్టము. చిత్తగించవలెను."

గట్టిగా చదివి వినిపించాను. ఒక్కరు కూడా నవ్వలేదు. వాళ్ళ ఇళ్ళల్లోనూ తాతలు, అన్నలు, మామలే దూలాలకు కట్టి ఉంటారు మరి. "బాగా కుదిరింది" అన్నారు. రంగమ్మత్త కళ్ళు ఒత్తుకుంది. బాబాయి కాగితం అందుకుని, చదవడం రానివాడు, ఒకసారి కళ్ళకద్దుకుని పుల్లయ్య చేతికిచ్చాడు. పుల్లయ్య వెనకాల నేను కూడా సైకిలెక్కి పోయి ఉండవచ్చు. సీసాల బుట్ట దింపితే చోటుండేది. అంత ఉత్తరం రాసిన తరువాత మనిషి ఎందుకనిపించింది.

బస సంగతి కూడా చెప్పాలి. తిరునాళ్ళకు ఊళ్ళో అరుగు కూడా దొరకదు. చాప తెచ్చుకున్నవారికి ఏటి గట్టే సత్రం. సాయంత్రం దాకా మేము మలుపు కేసి చూస్తూ కూర్చున్నాము. ఇతర ఊళ్ళనుంచి డప్పులతో ఒక్కొక్క ఇంటి వీరుడూ దిగుతున్నాడు. దీపాలు పెట్టే వేళకు పుల్లయ్య ఒక్కడే వచ్చాడు. చేతిలో బదులు కాగితం. టైపు కొట్టించి, కింద రబ్బరు ముద్ర కూడా వేశారు.

"తమ తాతగారి పరమపదమునకు మిక్కిలి చింతించుచున్నాము. అయినను మా టాక్సీలో శవములను ఎక్కించుట లేదు. బండి మొత్తము వెతికించితిమి. మీరు చెప్పిన ముసలివాని దేహము కనబడలేదు. ఇట్టి అపనింద మరల కాగితముపై వ్రాసినయెడల ప్లీడరుగారి ద్వారా తగు చర్య తీసుకొనబడును."

నేను అది చదివి మొదట నవ్వాను. ఎవరికైనా వస్తుంది నవ్వు. తరువాత బాబాయి మొహం చూశాను. ఆయనకు అర్థమైందల్లా తాత దొరకలేదని.

"పుల్లయ్యా, నువ్వైనా నోటితో చెప్పకపోయావా?" అని అడిగాను.

"చెప్పా గదయ్యా! వాళ్ళ తాతనిచ్చెయ్యండి, తెల్లారి నీళ్ళు పొయ్యాలని. ఆయనేమో ఒణికిపోతా తలుపేసుకున్నాడు" అన్నాడు పుల్లయ్య.

మరునాడు పొద్దున మొదటి బస్సుకు నేనొక్కణ్ణే గురజాల వెళ్ళాను. బాబాయి రానన్నట్టు తల ఊపాడు. ఒకవేళ ఏ పుణ్యాత్ముడైనా తాతను తెచ్చిస్తే తీసుకోవడానికి మనిషి ఉండాలి గదా. బస్సు దాటుతున్నప్పుడు ఏట్లో స్నానాలు మొదలయ్యాయి. మొలలోతు నీళ్ళలో జనం, వాళ్ళ తలల మీద ఇనప మొనలు మెరుస్తున్నాయి. బాబాయి ఒడ్డున కండువా పరుచుకుని దాని పక్కన నిలబడి ఉన్నాడు.

షావుకారుగారి బళ్ళ షెడ్డు రైలుస్టేషనుకు పోయే దారిలో ఉంది. మస్తాను టైరు విప్పుతున్నాడు. నన్ను చూడగానే లేచాడు.

"వచ్చావా? నిన్నట్నుంచి చూత్తన్నా. ఊళ్ళోకొచ్చినాక గాని సూళ్ళేదు నేను. మళ్ళీ వెనక్కి పోదామంటే ఓనరు పెట్రోలు చీటీ ఇయ్యలా."

తలెత్తి చూపించాడు. షెడ్డు దూలాల మధ్య, ఎవరి తలా తగలనంత ఎత్తున, తూర్పు తలగా పడుకుని ఉన్నాడు తాత. ఎర్ర గుడ్డ మీద దుమ్ము కూడా దులిపి ఉంది.

"మరి ఉత్తరం వస్తే ఎందుకు చెప్పలేదు మస్తానూ?"

"నాకెవరు చదివినిపిచ్చారు? షావుకారుగారొచ్చి, ఒరేయ్, బండ్లో ముసలోడి శవమేమన్నా ఉందా అన్నాడు. నేను లేదన్నా. ఆయన ఇక్కడే, ఇదిగో ఇక్కడే నిలబడి అడిగాడయ్యా. కొణతమేమన్నా ఉందా అంటే, అదిగో అననా?"

షావుకారుగారు నిలబడిన చోట నిలబడి చూశాను. తాత నా నెత్తికి సరిగ్గా పైన ఉన్నాడు.

మస్తాను నిచ్చెన వేసి దింపి నా భుజాన పెట్టాడు. ఆ ఉదయం టాక్సీని ఒక పెళ్ళివారు మాట్లాడుకున్నారు. వాళ్ళను ఒప్పించి, చుట్టుదారిలో నన్ను నాగులేటి దగ్గర దించేటప్పటికి పొద్దు నడినెత్తికి వచ్చింది. నా దగ్గర డబ్బులు పుచ్చుకోలేదు. పెళ్ళికూతురి తల్లి మాత్రం దారి పొడుగునా "అయ్యో, అందరి నీళ్ళూ అయిపోయుంటయ్యే" అంటూనే ఉంది.

అయిపోయాయి. ఏట్లో నీళ్ళు కలకబారి, పసుపు తేలుతున్నది. గట్టు మీద రంగమ్మత్త తప్ప ఎవరూ లేరు.

"గుళ్ళో పేర్లు పిలిచారబ్బాయ్" అంది. "మీ ఇంటిపేరు పిలిస్తే ఎవురూ పలకలా. రెండోసారి పిలిచారు. మీ బాబాయి ముందుకి పోయి, ఉత్త చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాడు. ఇట్టా. ఏమీ లేకుండా. నేను చూళ్ళేక ఇవతలికొచ్చా."

బాబాయి గుడి దగ్గరనుంచి వచ్చాడు. నా భుజం మీద తాతను చూశాడు. తీసుకుని నీళ్ళలోకి దిగాడు. డప్పు లేదు, జనం లేదు. గుడ్డ విప్పి, మొన కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, మూడు మునకలు వేయించాడు. నేను ఒడ్డున నిలబడ్డాను. స్నానమైంది గనుక మొక్కు తీరింది. ఇక మాట్లాడవచ్చు. "బాబాయ్" అని పిలిచాను. ఆయన పలకలేదు.

గుడిలో ఆయుధాలన్నీ గోడకు చేరవేసి వరుసగా నిలబెట్టి ఉన్నాయి. ఆ వరుసలో ఒకచోట జానెడు ఖాళీ ఉంది. అక్కడి పెద్దాయన ఒకరు, "మీ తాత చోటే. ఎవర్నీ రానీలేదు. ఆలస్యమైతే ఏంది, పెట్టు వీరయ్యా" అన్నాడు. బాబాయి పెట్టాడు. ఎవరూ ఒక్క మాట తప్పుగా అనలేదు. అని ఉంటే నాకు బాగుండేది, బదులు చెప్పడానికి ఏదో ఒకటి దొరికేది.

మిగిలిన నాలుగు రోజులూ తిరునాళ్ళు బాగా జరిగాయి. వెళ్ళేవారు చూడవలసినవి చాలా ఉన్నాయి. చిన్నా పెద్దా కలిసి ఒకే పంక్తిన కూర్చుని తినేరోజు తప్పక ఉండాలి. నేను కూర్చున్నాను, తిన్నాను, రుచి మాత్రం చెప్పలేను. బాబాయి నా పక్కనే కూర్చున్నాడు, పప్పు కావాలంటే నా విస్తట్లోనిది చూపించి వేయించుకున్నాడు. మాట మాత్రం లేదు. అలవాటు కొద్దీ ఒకసారి "పిన్ని ఇంత కూర వేయదని అంటున్నాడు" అని వడ్డించే అతనితో అన్నాను. అతను నవ్వాడు. బాబాయి కూడా నవ్వితే చూద్దామని తిరిగాను. ఆయన విస్తరి వైపే చూస్తున్నాడు.

తిరుగు ప్రయాణంలో అదే బొగ్గుబస్సు, అదే కండక్టరు. ఆ రోజు రద్దీ తక్కువ. కండక్టరు టిక్కెట్ల కట్ట తీసి, "పేటకు రెండేనా?" అని నన్నడిగాడు.

"మూడు" అన్నాడు బాబాయి.

ఆరు రోజుల తరువాత విన్న ఆ గొంతు బొంగురుపోయి ఉంది. కండక్టరు మా వెనకా ముందూ చూశాడు.

"మూడో ఆయనేడీ?"

"ఈయన. మా తాత. వచ్చేటప్పుడు బయట కట్టాం. తప్పైంది."

కండక్టరు మూడు కొట్టాడు. బాబాయి తాతను కిటికీ పక్కన సీటు మీద ఏటవాలుగా కూర్చోబెట్టి, పడిపోకుండా ఒక చెయ్యి వేసి, పక్కన తాను కూర్చున్నాడు. నేను ఈ చివర కూర్చున్నాను. కారెంపూడి వెనక్కి పోయిన తరువాత ఆయనే మొదలుపెట్టాడు.

"నువ్వు రాసిందాంట్లో తప్పేం లేదురా కోటిగా. తాతే గదా. ఇంకేమని రాత్తావు?"

నేను మూడు టిక్కెట్లూ మడిచి జేబులో పెట్టుకున్నాను.

"నా యవ్వారమే తెగట్లేదు. ఆ బండి కదిలినప్పుడు ఒక్క అరుపు అరిత్తే ఆగేది. నోటిదాకా వచ్చింది. అరిత్తే మొక్కు పోద్ది, సాంబడు గుర్తొచ్చాడు. అరవకపోతే తాత పోతాడు. ఏది పోతే నయమా అని చూసేలోపల మలుపు తిరిగింది. నోరు నిలబెట్టుకున్నా. తాత వరసలో నిలబడలా. ఇప్పుడు ఆ మొక్కు చెల్లినట్టా, చెల్లనట్టా?"

బస్సు మెరక ఎక్కడానికి మూలుగుతున్నది. బాబాయి నా వైపు తిరిగాడు. ఎగతాళి లేదు ఆ మొహంలో. నిజంగానే అడుగుతున్నాడు.

"నువ్వు చెప్పరా. నీకు మాటలు చానా వచ్చు గదా."

నేను వెతికాను. నకరికల్లు వచ్చింది, పోయింది. ఆయన ఎదురుచూసి, ఎదురుచూసి, తాత మొన మీద జారిన గుడ్డ సర్ది కిటికీలోంచి చూడసాగాడు.

పేట పొలిమేరలో కండక్టరు పీపాలో బొగ్గు చూసి వచ్చి మా పక్కన నిలబడ్డాడు. వెళ్ళేటప్పుడు నేను చేసిన గోల అతనికి జ్ఞాపకమున్నట్టుంది. నా కేసి చూసి, బాబాయితో మెల్లగా అన్నాడు.

"ఏంది బాబాయ్, మీవోడికి మాట పడిపోయిందా?"

"పడిపోలేదులే. సాంబడి కార్డొచ్చినాక మాట్లాడతాడు" అన్నాడు బాబాయి.